మిలానోకి ఎనిమిది కత్తులు

మిలానో నుంచి వచ్చిన ఉత్తరాన్ని ప్రెదు మేస్త్రి మూడుసార్లు చదివాడు. తను చదివింది నిజమో కాదో తేలక నాలుగోసారి పెళ్ళాం చేత చదివించాడు.

పెప్పా కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, వంటింటి కిటికీ దగ్గర నిలబడి, శుభలేఖ చదివినట్టు గట్టిగా చదివింది. కత్తుల ప్రదర్శనట. వచ్చే శని, ఆదివారాలట. సార్డీనియా దీవిలో పొట్టేలు కొమ్ముతో మడతకత్తిని పాత పద్ధతిలో చేసేవాళ్ళు కొద్దిమందే మిగిలారట, వాళ్ళలో ప్రెదు మేస్త్రిని పిలవడం తమకు గౌరవమట. బల్లకి అద్దె అక్కర్లేదట. బల్ల మీద పెట్టడానికి కనీసం ఎనిమిది కత్తులు మాత్రం తెచ్చుకోవాలట.

"వచ్చే శనివారమా? ఇవాళ సోమవారం," అంది పెప్పా. "భోజనాలయ్యాక పిలుపు పంపినట్టుంది."

"తపాలా ఆలస్యమై ఉంటుంది."

"తపాలా పాపం ఏం చేసింది? ఆ కత్తుల ఊరు పత్తాదావాడెవడో ఆఖరి నిమిషంలో రానని ఉంటాడు. ఆ ఖాళీ బల్ల నీకు పడేశారు. నువ్వేమో గౌరవం గౌరవం అని పొంగిపోతున్నావు."

"నేనేం పొంగిపోలేదు. ఆలోచిస్తున్నాను."

"ఏముంది ఆలోచించడానికి? ఒల్బియా రేవు దాకా బస్సు, అక్కణ్ణించి జెనోవాకి రాత్రంతా ఓడ, దిగాక రైలు. ఆ మోకాళ్ళతో! అటకెక్కి వెల్లుల్లి దించమంటే రేపు చూద్దామనే మనిషివి."

ప్రెదు మోకాలు రుద్దుకున్నాడు. ఆలోచిస్తున్నానన్నది వట్టి మాట. ఉత్తరం రెండోసారి చదివేటప్పుడే మనసులో ఓడ ఎక్కేశాడు.

ముప్పైమూడేళ్ళ కిందట ఒక్కసారి వెళ్ళాడు, అన్న బస్తియానుతో. ఆ ప్రదర్శనలో ఏం అమ్మారో, ఎవరు ఏమన్నారో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఓడ మాత్రం గుర్తుంది. పైడెక్కు మీద, గాలికి టోపీలు ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, అమ్మ మూటకట్టిన చీజు విప్పి, బస్తియాను తన కత్తితో ముక్కలు కోస్తున్నాడు. పక్కనే కూర్చున్న లారీ డ్రైవరెవడో ఆ కత్తి మీద మనసు పడ్డాడు. బస్తియాను వద్దు వద్దంటూనే బేరమాడి, సముద్రం మధ్యలో సొంత కత్తి అమ్మేశాడు. ఆ తర్వాత మూడు రోజులూ రొట్టె కోసుకోవాలన్నా, ఆపిలు తినాలన్నా, "తమ్ముడూ, ఒకసారి నీ కత్తి!" అని వెంటపడ్డాడు. కత్తులమ్మడానికి వెళ్ళినవాడు కత్తి లేకుండా తిరిగొచ్చాడని ఊరు ఊరంతా ఏడాదిపాటు నవ్వింది. బస్తియాను పోయి ఆరేళ్ళయింది. అతని టోపీ ఇంకా కొట్లో కొమ్ములు బిగించే వైసు పైన మేకుకే వేలాడుతోంది. ప్రెదుకి నిజానికి మిలానోతో పని లేదు. ఆ డెక్కు మీద ఇంకొక్కసారి నిలబడాలని ఉంది, అంతే. ఆ మాట పెప్పాతో చెప్పడానికి సిగ్గేసింది.

"సరే, ఓడ సంగతి అలా ఉంచు," అంది పెప్పా, ఉత్తరం మడిచి అతని చేతిలో పెడుతూ. "ఎనిమిది కత్తులు ఎక్కణ్ణించి తెస్తావు?"

అదీ అసలు చిక్కు. ప్రెదు కొట్లో సగం చేసిన కత్తి ఒకటుంది, అంతే. అతను ఏనాడూ సరుకు చేసి పెట్టుకున్న మనిషి కాదు. కత్తి కావలసినవాడు తన మందలో పోయిన పొట్టేలు కొమ్ము తెచ్చుకుంటాడు. ప్రెదు అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళు వంచి చూసి, అరచేతి వెడల్పు పట్టి, "వచ్చే వసంతానికి రా," అంటాడు. కొమ్ముని మంట మీద మెత్తబరిచి, వైసులో బిగించి, వంకర తీసి, ఆరబెడతాడు. ఒక్కో కత్తి ఒక్కో మనిషిది. ముగిసిననాడు ఆ మనిషి జేబులోకి వెళ్ళిపోతుంది. నలభై ఆరేళ్ళ పని మొత్తం ఊళ్ళోవాళ్ళ జేబుల్లోనే ఉంది.

"ఊళ్ళోనే ఉన్నాయిగా," అన్నాడు ప్రెదు. "వారం రోజులకి అడిగి తీసుకెళ్తాను."

పెప్పా రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంది. "అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా? నీ ఖర్మ. తర్వాత నాతో అనకు."

*

మంగళవారం పొద్దున్నే బయల్దేరాడు. మొదట దొరికినవాడు గొర్రెల కాపరి బిల్లియా. దొడ్డి గోడ మీద కూర్చుని రొట్టె నములుతున్నాడు.

"వారం రోజులు కత్తి లేకుండానా?" బిల్లియా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఏం మేస్త్రీ, పొద్దున్నే వేళాకోళమా? కావాలంటే లాగు విప్పి ఇస్తాను, పట్టుకుపో. లాగు లేకుండా తిరగడమే నయం."

"నీ లాగు మిలానోలో ఎవడు చూస్తాడ్రా?"

"నా కత్తిని మాత్రం ఎవడు చూస్తాడు? చూడు దాని మొహం, సానరాయి మీద నూరీ నూరీ సగమైంది."

"అది నేను చూసుకుంటాలే. ఇదిగో, అందాకా దీంతో సరిపెట్టుకో." ప్రెదు సంచిలోంచి పసుపురంగు ప్లాస్టిక్ పిడి ఉన్న వంటింటి కత్తి తీశాడు. బిల్లియా దాన్ని చచ్చిన ఎలకని చూసినట్టు చూశాడు. పదిహేను నిమిషాలు సణిగాడు. చివరికి తన కత్తి మడిచి గోడ మీద పెట్టాడు. చేతికివ్వలేదు. కత్తి చేతి నుంచి చేతికి మారితే స్నేహం తెగుతుందని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ప్రెదు గోడ మీంచి తీసుకున్నాడు.

"మిలానో దొరసానులు అడిగితే చెప్పు, ఈ కత్తిగలాయనకి ఇంకా పెళ్ళి కాలేదని," అని వెనకనుంచి అరిచాడు బిల్లియా.

మధ్యాహ్నానికి ఏడు పోగయ్యాయి. పెప్పా వంటింట్లో కత్తులు ఒక్క చెక్కపిడిది తప్ప అన్నీ ఊళ్ళోకి వెళ్ళిపోయాయి. సంతోషంగానే ఇంటికి నడుస్తున్నాడు గాని, దారిలో ఒక గోడ నీడన ఆగి సంచి విప్పి చూసేసరికి మనసు చివుక్కుమంది. ఇవి తన కత్తులేనా? మిర్తు పొద ఆకులా కోలగా ఉండాల్సిన బ్లేడ్లు ఎండిన గడ్డిపోచల్లా సన్నబడ్డాయి. కొమ్ము పిడులు చెమటకీ గొర్రె జిడ్డుకీ నల్లబడి, గీతలు పడి, ఒకదాన్ని కుక్క కూడా కొరికినట్టుంది. అద్దాలూ దీపాలూ ఉన్న హాల్లో, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద వీటిని పెట్టుకుని ఎలా నిలబడాలి?

ఎనిమిదోది మంచిది కావాలి అనుకున్నాడు. మంచిదంటే లరెంతు కత్తే. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటిది. ఆ కొమ్ము ఇప్పటికీ కళ్ళముందుంది. ముదురు తేనెరంగు మధ్యలో పొగలాంటి నల్లచార. అలాంటి కొమ్ము మళ్ళీ తన చేతికి రాలేదు.

తనతో బళ్ళో చదివిన లరెంతు పోయి నాలుగేళ్ళు. అతని భార్య బొనారియా బస్సు ఆగే చోటికి ఎదురుగా, వీధిలోకే తలుపున్న ఇంట్లో ఉంటోంది. ప్రెదు వెళ్ళేసరికి బల్ల ముందు కూర్చుని సీమదానిమ్మ పండ్లు కోస్తోంది. ఆ కత్తితోనే.

ఆమె విషయమంతా వింది. కోస్తున్న పండు పూర్తిగా కోసింది. కత్తిని ఏప్రనుకి తుడిచి, మడిచి, అరచేతిలో ఉంచుకుంది.

"ఎన్ని రోజులు?"

"సోమవారం పొద్దున బస్సు దిగ్గానే మొదట నీ గుమ్మంలోకే వస్తాను."

"నేనిది ఎవరికీ ఇవ్వను, ప్రెదూ. మా చెల్లెలు చేపలు చెయ్యడానికి అడిగితే కూడా ఇవ్వలేదు."

"చెల్లెలూ నేనూ ఒకటేనా? చేసిందే నేను కదా."

ఆ మాటకి ఆమె ఒప్పుకుంది. కత్తిని బల్ల మీద పెట్టి రెండు వేళ్ళతో అతని వైపు జరిపింది. "ఆయన ఎప్పుడూ ఓడ ఎక్కలేదు. ఎక్కుదాం ఎక్కుదాం అంటూనే పోయాడు. కనీసం కత్తైనా ఎక్కనీ."

*

బుధవారం కొట్టు తలుపులు రెండూ బార్లా తెరిచి, కత్తులన్నీ పాతగుడ్డ మీద వరసగా పేర్చాడు. కాఫీ చల్లారిపోయింది. దేనితో మొదలుపెట్టాలి? చేతులు వాటంతటవే లరెంతు కత్తి మీదకి వెళ్ళాయి.

తెరిచి చూశాడు. మడత ఇప్పటికీ బిగువుగా ఉంది, ఆ టక్కుమనే చప్పుడు తన చప్పుడే. బ్లేడు సన్నబడిందిగాని వంకరపోలేదు. పిడి మాత్రం మసిబారిపోయింది. తేనెరంగు లేదు, పొగచార లేదు, అంతా ఒకటే చీకటి. పైగా కొమ్ము ఒకచోట అరిగి గుంట పడింది. చెంచా అడుగులా, నున్నగా, లోతుగా.

"అయ్యో, ఎంత కొమ్ముని ఎలా చేసి పెట్టారు!" అన్నాడు పైకే.

సీసా పగలగొట్టి అంచు పదునుగా ఉన్న పెంకు ఏరుకున్నాడు. కొమ్ము గీకడానికి సీసాపెంకుని మించిన పనిముట్టు లేదని నేర్పింది బస్తియానే. పిడికి తోలు చుట్టి వైసులో బిగించి, పెంకుని రెండు చేతుల వేళ్ళతో వంచి పట్టి, తన వైపుకి లాక్కోవడం మొదలుపెట్టాడు. నల్లటి జిడ్డు పొడి పొడిగా రాలింది. తర్వాత బూడిదరంగు. పదిసార్లు లాగి ఒకసారి ఊదుతున్నాడు. మరో పదిసార్లు. గుంట చుట్టూ ఉన్న కొమ్ముని గుంటతో సమానమయ్యేదాకా దించాలి, లేకపోతే వెలుగు పడితే లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకపక్క దించితే రెండోపక్కా దించాలి, లేకపోతే తూకం పోతుంది. చెయ్యి తిరిగిన పని. రెండు పక్కలా వెంట్రుక వాసి తేడా లేకుండా దించాడు.

గరుకు ఉప్పుకాగితం, దాని తర్వాత మెత్తటిది, ఆ తర్వాత నీళ్ళలో తడిపిన ఇంకా మెత్తటిది. చివరికి పాలిష్ చక్రం. చక్రానికి పిడి తాకగానే వెంట్రుకలు మాడిన వాసన గుప్పుమంది. ఆ వాసన అతనికి చిన్నప్పటి వాసన, అన్న వాసన, నాన్న వాసన. వాసన వెంటే రంగు వచ్చింది. మొదట ఒక అంచున, తర్వాత అంతటా, ఇరవై ఎనిమిదేళ్ళ మురికి కింద నిద్రపోతున్న తేనెరంగు లేచి కూర్చుంది. దాని మధ్యలో పొగచార.

ప్రెదు కళ్ళు చెమర్చాయి. కత్తిని గుమ్మంలో ఎండకి ఎత్తి పట్టుకుని, మేకుకున్న టోపీ వైపు తిప్పాడు. "చూశావురా బస్తియానూ? మన చెయ్యి ఇంకా చావలేదు!"

మిగిలిన ఏడూ అలాగే చెయ్యాలి, రేపు ఒక్క రోజులో చేసెయ్యగలను అనుకున్నాడు. కాని ముందు దీన్ని బొనారియాకి చూపించకుండా ఉండలేకపోయాడు. మధ్యాహ్నం భోజనం కూడా మానేసి, కత్తిని శుభ్రమైన చేతిరుమాల్లో చుట్టుకుని, మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి కిందకి దిగాడు.

బొనారియా అన్నం వేళ కాబట్టి బల్ల మీద అప్పడంలా పలచటి కరసావు రొట్టె, చీజు ముక్క, కాస్త వైను పెట్టుకుని కూర్చుంది. ప్రెదు రుమాలు విప్పి, కత్తిని చీజు పక్కన పెట్టి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమె చూసింది. ఎవరిదో అన్నట్టు చూసి, తర్వాత అతని మొహం చూసి, మళ్ళీ కత్తి చూసింది. చేతిలోకి తీసుకుంది. తెరిచింది. చీజు మీద ఆనించి కొయ్యబోయింది. ఆమె బొటనవేలు పిడి మీద ఒకచోటికి వెళ్ళింది, అక్కడ ఆగలేదు. జారింది. వెనక్కి వచ్చింది. గుడ్డివాడు మెట్టు కోసం కాలు తడిమినట్టు ఆ వేలు కొమ్ము మీద ఇటూ అటూ తడిమింది.

"బాగుంది," అంది. "కొత్తదానిలా ఉంది."

"అసలు రంగు అదీ! నువ్వు మర్చిపోయే ఉంటావు. చేసిన రోజు ఇలాగే ఉంది."

"అవును. ఇలాగే ఉంది."

కత్తిని జాగ్రత్తగా మడిచి పక్కన పెట్టింది. లేచి వెళ్ళి, సొరుగులోంచి నిన్న ప్రెదు ఇచ్చిన చెక్కపిడి వంటకత్తి తెచ్చుకుని, దాంతో చీజు కోసుకుంది.

ప్రెదు ఇంకా నిలబడే ఉన్నాడు. ఆమె ఇంకేదో అంటుందని చూశాడు. ఆమె తింటోంది.

"ఇవాళ్టికి నా దగ్గర ఉండనీ," అంది చివరికి, తలెత్తకుండా. "శుక్రవారం బస్సెక్కే ముందు తీసుకెళ్ళు."

*

రాత్రి భోజనాల దగ్గర పెప్పా సూపు గిన్నె దించి అతని మొహం చూసింది.

"ఏం చేసొచ్చావు?"

"ఏం చెయ్యలేదు. కత్తి బాగుచేసి ఇచ్చాను. బాగుందంది."

"బాగుందన్నవాళ్ళింటి నుంచి వచ్చిన మొహమా అది?"

చెప్పాడు. గుంట సంగతి, దించిన సంగతి, ఆమె వంటకత్తి తెచ్చుకున్న సంగతి. పెప్పా గరిటె కింద పెట్టేసింది.

"ఆ గుంట ఎలా పడిందనుకున్నావు? వానకి పడిందా?"

"అరుగుతుంది, పెప్పా. కొమ్మన్నాక అరుగుతుంది."

"ఎవరి వేలికి అరిగింది? కిందటేడు మీ అన్న టోపీ ఉతుకుతానంటే నా చెయ్యి పట్టుకుని లాగేశావే, చెమట వాసన పోతుందని. నీకొక న్యాయం, బొనారియాకొక న్యాయమా?"

ప్రెదు చెంచా పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. లరెంతు బొటనవేలు. ఇరవై నాలుగేళ్ళు, పూటకి రెండుసార్లు, రొట్టె మీద, చీజు మీద, తోలు మీద, గుర్తు గాటు పెట్టే గొర్రెపిల్లల చెవుల మీద. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె తన వేలు ఆ వేలి చోట పెట్టి తిండి తింది. దాన్ని తను లోపమనుకుని, వెంట్రుక వాసి తేడా లేకుండా, రెండు పక్కలా, కూనిరాగం తీస్తూ గీకి పారేశాడు.

"ఇప్పుడేం చెయ్యను?"

"వెళ్ళి చెప్పు, తప్పైపోయిందని."

గురువారం వెళ్ళలేదు. ధైర్యం చాలలేదు. మిగిలిన ఏడు కత్తుల జోలికీ వెళ్ళలేదు. వాటిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టేశాడు. మిలానోకి వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్న మళ్ళీ మొదటికొచ్చింది. వెళ్ళకపోతే ఊరికి ఏం చెప్పాలి? పసుపు ప్లాస్టిక్ కత్తి పట్టుకుని తిరుగుతున్న బిల్లియాకి ఏం చెప్పాలి? వెళితే ఆ బల్ల దగ్గర రెండు రోజులూ నవ్వుతూ ఎలా నిలబడాలి?

సాయంత్రానికి మెల్లగా ఒక ఆలోచన తట్టింది. తట్టగానే ప్రాణం లేచొచ్చింది. గుంటే కదా కావలసింది? గుంట పెట్టడం ఎంత పని? అరగంట. తను మేస్త్రి. కొమ్ములో ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం తీయగలడు. సీసాపెంకు, మెత్తటి ఉప్పుకాగితం జేబులో వేసుకుని పోతే, బస్సు వచ్చేలోపల ఆమె గుమ్మంలోనే కూర్చుని ఎక్కడి గుంటని అక్కడ పెట్టేస్తాడు. ఆమె వేలు దాని చోటికి అది వెళ్ళిపోతుంది. తను ఓడెక్కుతాడు. ఆ ధైర్యంతో గురువారం సూపు రెండు గిన్నెలు తాగాడు. పెప్పా ప్రయాణం దండగ దండగ అంటూనే రొట్టె, చీజు, నాలుగు ఉడికించిన గుడ్లు మూట కట్టింది.

*

శుక్రవారం బస్సు ఏడున్నరకి. ప్రెదు ఏడింటికే పెళ్ళికోటు వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని బొనారియా గుమ్మం ముందు నిలబడ్డాడు. తలుపు తీసే ఉంది.

ఆమె బల్ల దగ్గర కూర్చుని ఉంది. బల్ల మీద కత్తి, దాని పక్కన పగిలిన వైనుసీసా పెంకు. ఆమె చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఒళ్ళోనూ నేల మీదా తెల్లటి కొమ్ముపొడి.

"రా," అంది. "నువ్వు తిడతావని తెలుసు. తిట్టు."

ప్రెదు దగ్గరికొచ్చి చూశాడు. తేనెరంగు పిడి మీద ఒక పక్క, ఎలుక కొరికినట్టు, ఎగుడుదిగుడు గాటు. ఒకచోట పెంకు జారి ఇత్తడి మేకు దాకా చీరుకుపోయింది.

"నిన్నంతా గీశాను," అంది బొనారియా. "నువ్వు సీసాపెంకుతోనే చేస్తావు కదా, చూశాను ఎన్నోసార్లు. నాకూ వస్తుందనుకున్నాను. ఎక్కడుండేదో నా వేలికి తెలుసనుకున్నాను. కళ్ళు మూసుకుని పట్టుకున్నాను, కళ్ళు తెరిచి పట్టుకున్నాను. దొరకలేదు, ప్రెదూ. ఎంత లోతని గీయను?"

ప్రెదుకి తను చెప్పాలనుకున్న మాటలన్నీ ఒక్కసారిగా నాలిక మీదకొచ్చాయి. ముందు క్షమాపణ చెప్పాల్సింది. కాని కొమ్ము మీద చెడ్డ గాటు చూస్తే అతని చెయ్యి ఆగదు, నలభై ఆరేళ్ళ అలవాటు.

"ఎంత పని చేశావు! నన్ను పిలిస్తే రానా? అందుకే వచ్చాను, ఇదిగో, సామాను కూడా తెచ్చాను." జేబులోంచి పెంకు తీశాడు. కత్తి అందుకుని తిరగేశాడు. "పైగా నువ్వు గీసింది తప్పుపక్క. ఇటు కాదు, ఇటు. ఇదిగో, ఈ మేకుకి వేలెడు ముందు, ఇక్కడ." తన బొటనవేలు గాటు లేని నున్నటి వైపున ఆనించాడు. హాయిగా కుదురుకుంది. "ఇక్కడే కదా? నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది, నా చేత్తో చేసిన కత్తి!"

బొనారియా అతని బొటనవేలి వైపు చాలాసేపు చూసింది. కోపం రాలేదు. ఆశ్చర్యపోయినట్టు చూసింది.

"లరెంతుది ఎడమచెయ్యి వాటం," అంది.

ప్రెదు కత్తిని ఆమె గాటు పెట్టిన వైపుకి తిప్పి చూశాడు.

"బళ్ళో మాస్టారు ఆ చెయ్యి బల్లకి కట్టేస్తే, మాస్టారు అటు తిరగ్గానే నువ్వే విప్పేవాడివట. పెళ్ళైన కొత్తలో నాకు నీ గురించి చెప్పిన మొదటి మాట అదే. ప్రెదు మంచివాడు, నా చెయ్యి విప్పేవాడు, అని. కత్తి చేయించుకోవడానికి వచ్చిన రోజు నేనూ వెంట ఉన్నాను. నువ్వు ఆయన ఎడమచెయ్యే పట్టుకుని కొలిచావు."

అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కసారిగా, ఆలస్యంగా, మొత్తం. తాడు కోసుకుపోయిన ఆరేళ్ళ పిల్లాడి మణికట్టు. పేకాటలో ఎదురుగా ముక్క విసిరే ఎడమచెయ్యి. కొట్లో, ఎండలో, తన అరచేతిలో ఉన్న ఆ వెడల్పాటి చెయ్యి, బొటనవేలు మీద పాత గాయం మచ్చ. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి కొమ్ము రంగు గుర్తుంది, పొగచార ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గుర్తుంది. మొన్న గీకిన గుంట ఏ పక్కదో కూడా చూసుకోలేదు, మనిషి గుర్తులేడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

కత్తిని బల్ల మీద పెట్టాడు. గుమ్మం మెట్టు మీద, పెళ్ళికోటుతోనే, కూలబడ్డాడు.

"మర్చిపోయాను, బొనారియా," అన్నాడు. "వాణ్ణే మర్చిపోయాను. నన్ను క్షమించు."

ఆమె బల్ల మీది కత్తి తీసుకుంది. వచ్చి అతని పక్కన, రెండో చివర, కూర్చుంది. కత్తి ఆమె ఒళ్ళో ఉంది.

"ఇటివ్వు, కనీసం ఆ గాటు సరిచేసి ఇస్తాను," అన్నాడు. "మేకు దగ్గర చీలితే పిడి మొత్తం పోతుంది."

"వద్దు. ఇంక దీని మీద చెయ్యి వెయ్యకు." మెత్తగానే అంది, కాని గట్టిగా అంది. "చీలినప్పుడు చూద్దాం. నా గాటు ఇది. నా వేలు దీనికి అలవాటు పడుతుంది."

బస్సు మలుపు తిరిగి వచ్చి ఎదురుగా ఆగింది. డ్రైవరు తోరె, పెప్పా అన్నకొడుకు, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"మావయ్యా! ఆ కోటేంటి, మిలానోలో రెండో పెళ్ళా? ఎక్కు ఎక్కు, ఓడ నీ కోసం ఆగదు!"

ప్రెదు సంచి పట్టీ మీద చెయ్యి వేశాడు. బస్సు ఇంజను గరగరలాడుతోంది. ఆ చప్పుడు కింద ఎక్కడో ఓడ డెక్కు, గాలి, బస్తియాను నవ్వు ఇంకా వినపడుతూనే ఉన్నాయి. ఒక నిమిషం, రెండు నిమిషాలు. తోరె హారను కొట్టాడు.

"నువ్వు పోరా," అన్నాడు ప్రెదు.

"ఏంటీ?"

"పొమ్మన్నాను. మీ అత్తకి ఫోను చేసి చెప్పు, గుడ్లు పాడవకముందే వచ్చేస్తానని."

బస్సు వెళ్ళిపోయింది. దుమ్ము సర్దుకుంది.

"అదేంటి, వెళ్ళవా?" అంది బొనారియా. "నా కోసమైతే వద్దు. నేనేం ఏడుస్తూ కూర్చోను."

"అక్కడ ఎవరో ఒకరు అడుగుతారు, ఇది ఎవరిదీ అని. ఏం చెప్పను?"

సంచి ఒళ్ళోకి లాక్కుని, గుడ్డ మూట విప్పి, ఏడు కత్తులూ ఇద్దరి మధ్య మెట్టు మీద పేర్చాడు. నల్లబడినవి, గీతలు పడ్డవి, కుక్క కొరికింది. మొదటిదాన్ని ఆమె వైపు జరిపాడు.

"ఇది బిల్లియాది. వాడు దీన్నెలా పట్టుకుంటాడు? నువ్వు రోజూ చూస్తావు కదా."

"ఎలా పట్టుకుంటాడేంటి, వాడికి చిటికెనవేలు వంగదుగా! పొట్టేలు కుమ్మిన దగ్గర్నించీ." ఆమె కత్తి తీసుకుని, తన చిటికెనవేలు నిటారుగా చాపి, పిడి చివరి అంచు అతనికి చూపించింది. "అందుకే చూడు, ఇక్కడ అసలు అరగలేదు."

ప్రెదు కళ్ళజోడు తీసి, కోటు అంచుకి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, దగ్గరికి వంగి చూశాడు.